బ్లౌజు కొలతలు తీసే అమ్మకు లెక్కలు రావా?

ప్రశ్న: మేడమ్, మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌను. మావారు ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. నేను ఇంటి దగ్గర బ్లౌజులు, పిల్లల ఫ్రాకులు కుడతాను. మా పాప ఐదో తరగతి, ఇంగ్లీషు మీడియం. మిగతా సబ్జెక్టులు బాగానే చదువుతుంది. లెక్కల్లో మాత్రం పాతికకు ఎనిమిదో తొమ్మిదో వస్తున్నాయి. మావారు ఇంటర్లో ఎంపీసీ. రాత్రి ఎనిమిదింటికి ఇంటికి వచ్చి పాపను లెక్కలకు కూర్చోబెడతారు. పది నిమిషాలు గడవకుండానే అరుపులు మొదలు. ‘ఇంత చిన్న లెక్క రాదా, మొద్దు’ అంటారు. స్కేలుతో కొడతారు. మా అత్తగారేమో ‘తల్లి పోలిక’ అంటారు. నేను పదో తరగతిలో లెక్కలు తప్పి సప్లిమెంటరీలో గట్టెక్కినదాన్నే, కాదనలేను. రెండు నెలలుగా ఏడున్నర అయ్యేసరికి పాప కడుపునొప్పి అంటోంది. నాకు లెక్కలు రావు కాబట్టి మధ్యలో మాట్లాడే ధైర్యం లేదు. ట్యూషన్‌కు నెలకు వెయ్యి అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మార్కుల సంగతి తర్వాత. ముందు ఆ ఏడున్నర కడుపునొప్పి సంగతి చూడండి. పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. మీవారు ఊళ్లో లేని రోజున, ఆదివారం రోజున ఆ నొప్పి వస్తోందా లేదా గమనించి డాక్టరుకు చెప్పండి. ఒంట్లో ఏమీ లేదని తేలితే, పాప నాటకం ఆడుతోందని మాత్రం అనుకోకండి. పిల్లలకు భయం కడుపులోనే తెలుస్తుంది. ఆ నొప్పి నిజమైనదే.

కాబట్టి ఎనిమిది గంటల క్లాసు ఈ రోజు నుంచే ఆపేయండి. కనీసం ఒక నెల. ఈ నెలలో మార్కులు ఇంకో రెండు తగ్గినా తగ్గనివ్వండి. ఒక తీసివేత చేయాలంటే పాప ఒకేసారి మూడు నాలుగు సంగతులు బుర్రలో పట్టుకోవాలి: పై అంకె, కింది అంకె, పక్క నుంచి తెచ్చుకున్న పది, అక్కడ తగ్గిన ఒకటి. ఒక కన్ను నాన్న చేతిలోని స్కేలు మీద ఉంటే వీటిలో ఏదో ఒకటి జారిపోతుంది. అది చూసి నాన్న ఇంకా గట్టిగా అరుస్తాడు, ఇంకొకటి జారిపోతుంది. ఇలా ఏడాది చెప్పినా పాపకు వచ్చేది లెక్కలు కాదు, లెక్కలంటే వణుకు.

మీవారు చెడ్డవారని నేను అనను. రోజంతా ఆఫీసులో అంకెలతో కుస్తీ పట్టి అలసిపోయి వచ్చినా కూతురి కోసం కూర్చుంటున్నారు. చిక్కు ఎక్కడంటే, లెక్కలు తేలిగ్గా వచ్చేసినవాళ్లకు మధ్యలో ఎన్ని మెట్లు ఉన్నాయో కనిపించదు. వాళ్లు నాలుగు మెట్లు ఒక్క అంగలో ఎక్కేస్తారు. పిల్ల రెండో మెట్టు దగ్గర ఆగిందంటే నమ్మలేరు. ఇది నాకూ అనుభవమే. ఇంతమందికి సలహాలు చెప్పే నేను, మా అబ్బాయికి భాగహారం చెబుతూ ఒక రోజు నోట్‌బుక్ గోడకేసి కొట్టాను. వాడు వెళ్లి దాన్ని తీసుకొచ్చి, నలిగిన పేజీ సాపు చేసి, మళ్లీ నా ముందు పెట్టాడు. ఆ రోజుతో వాడికి లెక్కలు చెప్పడం మానేశాను.

మీవారితో మాట్లాడేటప్పుడు పాప ముందు వద్దు, అత్తగారి ముందు అసలే వద్దు. ఎనిమిది గంటల వేడిలోనూ వద్దు. సెలవు రోజు పొద్దున్న కాఫీ దగ్గర, ‘మీరు కొడుతున్నారు’ అని మొదలుపెట్టకుండా ‘పాపకు రోజూ ఆ టైముకే కడుపునొప్పి వస్తోంది, నాకు భయంగా ఉంది’ అని మొదలుపెట్టండి. ‘నీకేం తెలుసు లెక్కల గురించి’ అంటే, లెక్కల గురించి కాదు, పాప గురించి మాట్లాడుతున్నానని చెప్పండి. దానికి మీకు ఎంపీసీ అక్కర్లేదు. ఇంకొకటి కూడా నెమ్మదిగా చెప్పవచ్చు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో టీచరు పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొప్పించేలా వేధించకూడదు. బడిలో టీచరు మన పాపను ‘మొద్దు’ అని స్కేలుతో కొడితే మీవారే వెళ్లి నిలదీస్తారు కదా!

ఇక మీ సంగతి. అమెరికాలో ఒకటి, రెండు తరగతులు చదివే 438 మంది పిల్లల మీద చేసిన ఒక పరిశోధన 2015లో వచ్చింది. లెక్కలంటే తమకే భయం ఉన్న తల్లిదండ్రులు తరచూ హోంవర్కుకు సాయం చేసిన ఇళ్లలో, పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, వాళ్లలో భయం కూడా పెరిగింది. తల్లిదండ్రులకు భయం ఉన్నా హోంవర్కులో అంతగా వేలు పెట్టని ఇళ్లలో ఈ తేడా కనిపించలేదు. అంటే సాయంతో పాటు మన టెన్షన్ కూడా పిల్లలకు చేరిపోతుంది. అందుకని పాప ముందు ‘నాకు లెక్కలు రావు’ అనే మాట మానేయండి. ధైర్యం కోసం అబద్ధం ఆడమని కాదు, ఆ మాట నిజం కాదు కాబట్టి.

మీరు చేసే పని ఒకసారి చూసుకోండి. ఛాతీ కొలత 36 ఇంచులు ఉంటే నాలుగో వంతు 9 అని మీకు కాగితం లేకుండానే తెలుసు. దానికి కుట్టు కోసం, లూజు కోసం ఎంత కలపాలో తెలుసు. గుడ్డ తక్కువైతే చేతుల ముక్కలు ఎటు తిప్పి వేస్తే సరిపోతాయో తెలుసు. అది భాగహారం, కూడిక, వైశాల్యం. పదో తరగతి పేపర్లో వాటికి వేరే పేర్లు పెట్టి అడిగారు, అంతే.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ‘ఇంట్లో పనులన్నీ లెక్కలే, చూస్తూ చూస్తూ పిల్లలే నేర్చుకుంటారు’ అని చాలామంది తేలిగ్గా చెబుతారు. నేనూ చెప్పేదాన్ని. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో కూరగాయలూ వస్తువులూ అమ్మే 1,400 మందికి పైగా పిల్లల్ని పరిశీలించిన పరిశోధన ఒకటి 2025లో వచ్చాక ఆ మాట తగ్గించాను. ఆ పిల్లలు ఇన్ని గ్రాములకు ఇంత అని క్షణంలో నోటితో లెక్కగట్టి చిల్లర ఇచ్చేస్తున్నారు. కానీ అలాంటి లెక్కనే బడిలో ఇచ్చినట్టు కాగితం మీద ఇస్తే చాలామంది చేయలేకపోయారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలు కాగితం మీద వీళ్లకన్నా నయం, బేరం లెక్కల దగ్గర తడబడ్డారు. ఇటుది అటు, అటుది ఇటు దానంతట అది వెళ్లదన్నమాట. ఎవరో ఒకరు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాలి. మీ ఇంట్లో ఆ పని మీరు చేయగలరు, మీ కుట్టుమిషన్ పక్కనే.

ఐదో తరగతిలో పిల్లల్ని ఎక్కువగా ముంచేది భిన్నాలు. మీ టేపు తీయండి. ఒక ఇంచుకు ఎనిమిది చిన్న భాగాలు ఉంటాయి కదా. పాపను అడగండి: 1/4 పెద్దదా, 1/8 పెద్దదా? ఎనిమిది పెద్ద అంకె కాబట్టి 1/8 అనవచ్చు. తప్పని అనకండి, టేపు మీద వేలు పెట్టి చూపించమనండి. పావు ఇంచు రెండు గీతలు, ఎనిమిదో వంతు ఒక్క గీత. తనే నవ్వుకుని దిద్దుకుంటుంది. తర్వాత 1/2కు 1/4 కలపమనండి. చాలామంది పిల్లలు పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేసి 2/6 అని రాస్తారు. అది సగం కన్నా తక్కువ! అర ఇంచుకు పావు ఇంచు కలిపితే అర కన్నా తగ్గుతుందా? టేపు మీద అర ఇంచు అంటే నాలుగు గీతలు, పావు అంటే రెండు గీతలు, మొత్తం ఆరు గీతలు. ముప్పావు. ఇప్పుడు, ఆ వేడిలోనే, నోట్‌బుక్ తెరిచి 4/8 + 2/8 = 6/8 అని పాప చేతనే రాయించండి. ఈ చివరి పని మర్చిపోవద్దు, ఇందాక చెప్పిన మెలిక ఇక్కడే. టేపు దగ్గర ఆగిపోతే అది కుట్టుపనిగానే మిగిలిపోతుంది.

పావు, అర, ముప్పావు అనే మాటలు మన పిల్లలకు దూరమైపోయాయి. పావలా బిళ్ల కూడా 2011లో చెలామణిలోంచి పోయింది. ‘త్రీ బై ఫోర్’ అంటే పాపకు ఒకదాని కింద ఒకటి ఉన్న రెండు అంకెలే కనిపిస్తాయి. ‘ముప్పావు కిలో చక్కెర’ అంటే సంచి బరువు తెలుస్తుంది.

రెండో సంగతి. పాప లెక్క తప్పు చేసినప్పుడు, ఒప్పు చేసినప్పుడు కూడా, ఒకటే ప్రశ్న అడగండి: ‘ఎలా చేశావమ్మా?’ అడిగి ఊరుకోండి. మీకు జవాబు తెలియకపోవడం ఇక్కడ మంచిదే, మధ్యలో అందుకోరు. ఒక ఉదాహరణ చెబుతాను. 302 లోంచి 178 తీసేయమంటే ఒక పిల్ల 276 అని రాసింది. చూసినవాళ్లు ‘తలాతోకా లేదు’ అంటారు. ఎలా చేశావని అడిగితే ఆ పిల్ల చెప్పింది: ‘రెండులోంచి ఎనిమిది పోదు, అందుకని ఎనిమిదిలోంచి రెండు తీశాను, ఆరు. సున్నాలోంచి ఏడు పోదు, ఏడులోంచి సున్నా తీశాను, ఏడు. మూడులోంచి ఒకటి పోతే రెండు.’ చూశారా, ఆ పిల్ల మొద్దు కాదు. తనకు తాను ఒక రూలు పెట్టుకుని, దాన్ని ఒక్క చోట కూడా తప్పకుండా పాటించింది. రూలు తప్పు, అంతే. స్కేలు దెబ్బకు ఆ రూలు బయటకు రాదు, ఇంకా లోపలికి దాక్కుంటుంది.

అలాంటి పిల్లకు మూడు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు ఇచ్చి ‘నాకు 178 ఇవ్వు’ అనండి. ఇవ్వలేదు, చిల్లర కావాలి. ఒక వందను పది పదులుగా మార్చాలి, ఒక పదిని పది రూపాయి బిళ్లలుగా మార్చాలి. తీసివేతలో ‘అప్పు తెచ్చుకోవడం’ అంటే ఆ చిల్లర మార్చడమే. ఇచ్చేశాక చేతిలో 124 మిగులుతుంది. ఇక్కడ కూడా వెంటనే నోట్‌బుక్‌లో రాయించండి. మీవారిది అకౌంట్స్ పని కాబట్టి ఈ చిల్లర ఆట ఆయనకు అప్పగించవచ్చు, కొన్నాళ్లు పోయాక, స్కేలు అటక మీదకు వెళ్లాక.

ఇంగ్లీషు మీడియం అన్నారు కాబట్టి ఇదొకటి చూడండి. పాపకు ఉత్త కూడికలు, తీసివేతలు వచ్చి, వాక్యాల్లో ఇచ్చిన లెక్కలే రావడం లేదా? అలాగైతే తప్పు లెక్కది కాదు, భాషది. ‘రిమైనింగ్’, ‘ఆల్‌టుగెదర్’, ‘హౌ మెనీ మోర్’ దగ్గర ఆగిపోతున్నదేమో. లెక్క మొదలుపెట్టకముందు ఆ ప్రశ్నను కథలాగా తెలుగులో మీకు చెప్పమనండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగులో, పక్క పేజీ ఇంగ్లీషులో అదే పాఠం ఉంటుంది. మీ వీధిలో ప్రభుత్వ బడికి వెళ్లే పిల్లల దగ్గర నాలుగు, ఐదు తరగతుల లెక్కల పుస్తకాలు అడిగి తెచ్చుకోండి. మీకూ పనికొస్తాయి.

ఎక్కాలు రావాలి, అందులో మొహమాటం లేదు. కానీ గడియారం పెట్టుకుని అడగకండి. ఏడెనిమిదులు గుర్తు రాకపోతే ఏడేళ్లు నలభై తొమ్మిది, ఇంకో ఏడు కలుపుకుంటే యాభై ఆరు అని దారి వెతుక్కోవడం కూడా లెక్క రావడమే.

ట్యూషన్‌కు ఇప్పుడే తొందరపడవద్దు. ఇరవై మందిని కూర్చోబెట్టి హోంవర్కు రాయించి పంపేదైతే ఆ వెయ్యి దండగ. ముందు క్లాసు టీచరును కలవండి. ‘మార్కులు ఎందుకు తగ్గాయి’ అనవద్దు, ‘ఏ పాఠం దగ్గర నుంచి పాప వెనకబడింది’ అని అడగండి. ఐదో తరగతి తిప్పలకు మూల కారణం తరచుగా మూడో తరగతిలో దొరుకుతుంది. అక్కడికి వెళ్లి మొదలుపెట్టడానికి సిగ్గుపడకండి. బోర్డు మీద అంకెలు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో కళ్లు పరీక్ష చేయించండి. భయం తగ్గి, నాలుగైదు నెలలు ఓపికగా చేసినా, ఏడు పెద్దదా తొమ్మిది పెద్దదా అన్నదానికి కూడా పాప వేళ్లు లెక్కపెట్టుకోవాల్సి వస్తుంటే, డిస్కాల్క్యులియా (తెలివి ఉన్నా అంకెలు, లెక్కలు మాత్రం పట్టుబడని ఇబ్బంది) ఉందేమో పిల్లల సైకాలజిస్టుకు చూపించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది కూడా. మీ ఉత్తరం చదివితే నాకు అలా అనిపించడం లేదు.

అత్తగారి ‘తల్లి పోలిక’కు జవాబు చెప్పకండి. ఈసారి ఆవిడ జాకెట్టు కొలతలు తీసేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టి, నాలుగో వంతు ఎంతో పాపనే చెప్పమనండి. ఆవిడ వింటారు.

మీ దగ్గర పాత చీర ముక్కలు ఉంటాయి కదా. వచ్చే ఆదివారం పాప బొమ్మకు ఒక జాకెట్టు కుట్టండి. కొలత తనే తీయాలి, నాలుగో వంతు తనే కట్టాలి, కుట్టుకు ఎంత వదలాలో తనే నిర్ణయించుకుని నోట్‌బుక్‌లో రాయాలి. కత్తెర పట్టే ముందు మీకు కొలత తప్పని తెలిసినా చెప్పకండి. బొమ్మకు జాకెట్టు పట్టకపోతే ఎక్కడ తగ్గిందో తనే వెతుకుతుంది. పోయేది ఓ చీర ముక్కే కదా.