నాన్నగారి కెమెరా తీసుకుని ఒక్కసారి ఉప్పలపాడు వెళ్లండి

నాన్నగారు పోయాక ఆయన కెమెరా ముట్టుకుంటేనే ఏడుపొస్తోంది, దేవుడి మీద నమ్మకం పోయింది, ఒకసారి ట్రై చేస్తే ఎగిరే పక్షులన్నీ మసకగా వచ్చాయి అన్నారు కదండీ. మా అమ్మ పోయాక నేనూ ఏడాది దీపం పెట్టలేదు, అందుకే పూజలు చెయ్యమని మాత్రం చెప్పను.

ముందు ఆ మెమరీ కార్డు కాపీ చేసుకోండి, ఫార్మాట్ అస్సలు చెయ్యొద్దు, ఆయన చివరగా తీసినవి అందులోనే ఉండొచ్చు (అమ్మ ఫోన్ విషయంలో నేను ఆ తప్పు చేశా, ఇప్పటికీ తిట్టుకుంటా).

మసక అంటే షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరుచుకుని మూసుకునే వేగం) తక్కువై ఉంటుంది, ఎగిరేవాటికి కనీసం 1/1000 సెకను, వీలైతే 1/2000 పెట్టి ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) ఆటోలో వదిలేసి ఫోకస్ కంటిన్యువస్‌లో (కదిలే పక్షి వెంటే ఫోకస్ మారేలా) పెట్టండి, ఫోటోలో కాస్త గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తే రానివ్వండి.

మీది గుంటూరే కదా, పక్కనే ఉప్పలపాడు పక్షుల కేంద్రం, చలికాలం పొద్దున్నే వెళ్తే చెరువులో చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్క్ కొంగలు బాగా దగ్గరగా కనిపిస్తాయి, పెద్ద లెన్స్ లేకపోయినా పర్లేదు. అక్కడ గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలో తలంతా దూర్చి తింటుంటే చూస్తూ బటన్ నొక్కడమే మర్చిపోయా, ఏడ్చేశా కూడా. ఆ సాయంత్రం ఇంటికొచ్చి దీపం పెట్టా, ఎందుకో అడక్కండి.