సమానం గుర్తు ఏ పనికి పెట్టాలి?

ప్రశ్న: మేడమ్, నేను బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఏడో తరగతి పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పేందుకు ప్రాజెక్టుగా ఒక చిన్న భాష తయారు చేస్తున్నా. సీ లాగే విలువ పెట్టడానికి =, పోల్చడానికి == ఇచ్చాను. మా గైడ్ మాత్రం := పెట్టమంటున్నారు. అది పాతకాలం పద్ధతి కాదా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: నా ఓటు మీ గైడ్‌కే. = అంటే రెండు పక్కలా ఉన్నవి సమానమని పిల్లలు చిన్న తరగతుల్లోనే నేర్చుకుని వస్తారు. 1557లో గణితవేత్త రాబర్ట్ రికార్డ్ ఆ గుర్తు పెట్టింది కూడా ఆ అర్థంలోనే. ఆల్గాల్ 60 అనే పాత ప్రోగ్రామింగ్ భాష దాన్ని కాపాడింది: పోల్చడానికి =, విలువ పెట్టడానికి :=. తర్వాత కెన్ థాంప్సన్ తాను తయారు చేసిన బీ భాషలో దీన్ని తిరగేశాడు: విలువ పెట్టడానికి =, పోల్చడానికి ==. ప్రోగ్రాముల్లో పోల్చడం కన్నా విలువ పెట్టడం దాదాపు రెట్టింపు సార్లు వస్తుంది కాబట్టి దాని గుర్తు సగం పొడవుంటే చాలన్నది లెక్క. బీ నుంచి సీకి, సీ నుంచి జావాకి, జావాస్క్రిప్ట్‌కి అదే పాకింది. టైపింగ్ కలిసొచ్చింది, చదివేవాళ్ళు నష్టపోయారు.

సీలో ‘ఇఫ్ (మార్కులు = 35)’ అని రాసి చూడండి. మార్కులు 35 అయి కూర్చుంటాయి. 35 సున్నా కాదు కాబట్టి షరతు నిజమైపోతుంది. 12 వచ్చిన పిల్లవాడూ పాసే! మా ల్యాబ్‌లో ఏటా ఇది చూస్తూనే ఉంటాను. ఆ లైను ఎన్నిసార్లు చదివినా వాళ్ళకు తప్పు కనబడదు, ఎందుకంటే ‘మార్కులు సమానం 35’ అనే చదువుకుంటారు. వాళ్ళు చదివింది సరైనదే. గుర్తు ఎంచుకోవడంలోనే పొరపాటుంది.

చెయ్యి తిరిగినవాళ్ళ కళ్ళు కప్పడానికీ ఇది పనికొస్తుంది. 2003లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ (దాని మూల భాగం) కోడ్‌కు సీవీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంచిన కాపీలోకి ఎవరో దొంగచాటుగా రెండు లైన్లు చొప్పించారు. చూడ్డానికి ‘యూజర్ నంబరు సున్నానా?’ అనే తనిఖీ. కానీ అక్కడున్నది ఒక్కటే =, అంటే యూజర్ నంబరును సున్నా చేసేస్తుంది. సున్నా రూట్ నంబరు, కంప్యూటర్ మీద పూర్తి పెత్తనం దానిదే. ఆ లైను నడిస్తే ప్రోగ్రాము నడిపినవాడికి రూట్ అధికారం వచ్చేస్తుంది. అదృష్టవశాత్తూ అసలు కోడ్‌లోకి చేరకుండానే దొరికింది.

పాతకాలం అన్నారు. పైథాన్ ‘ఇఫ్’ లోపల = రాయనివ్వదు, సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. అక్కడ విలువ పెట్టే వీలు కల్పించాల్సి వచ్చినప్పుడు, 2019లో 3.8 వెర్షన్‌లో, వాళ్ళు తెచ్చుకున్నది := నే. రేపు పిల్లలు సీకి మారితే == కొత్తగా నేర్చుకోవాలి, నిజమే. అప్పటికి ఇవి రెండు వేర్వేరు పనులని వాళ్ళకు తెలిసి ఉంటుంది, అది చాలు.

ఘాతానికి ^ ఇవ్వండి, ఎక్సెల్ చూసిన పిల్లలకు అది అలవాటే. పైథాన్‌లో ^ ఘాతం కాదు, బిట్‌ల మీద చేసే వేరే లెక్క; 2 ^ 3 అంటే 8 కాదు, 1 వస్తుంది, ఆ చిక్కు మీ భాషకు వద్దు.

పార్సర్ (కోడ్ నిర్మాణాన్ని అర్థం చేసుకునే భాగం) ముట్టుకోకముందే ఓ పని చేయండి. మీ భాషలో నాలుగు లైన్లు కాగితం మీద రాసి, ఏమీ వివరించకుండా ఏడో తరగతి పిల్లలకు ఇచ్చి, ఏం జరుగుతుందో చెప్పమనండి. వాళ్ళు తడబడిన గుర్తు ఏదైనా సరే మార్చేయండి, ఇప్పుడైతే లెక్సర్‌లో (కోడ్‌ను గుర్తులుగా, పదాలుగా విడగొట్టే భాగంలో) చిన్న సవరణతో పోతుంది.