రొయ్యల కొనుగోలు యాప్‌లో చిక్కుపడ్డ ఇఫ్‌లు

తమ్ముడూ, కావలి రొయ్యల కొనుగోలు యాప్‌లో కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు), యాంటీబయాటిక్ టెస్ట్ షరతులు మూడు స్క్రీన్లలో మూడు రకాలుగా ఉన్నాయని, ఒకచోట మారిస్తే ఇంకోచోట తప్పుతోందని రాశావు. షరతులను విడివిడిగా రాసి కలుపుకునే కోడింగ్ పద్ధతి, స్పెసిఫికేషన్ ప్యాటర్న్, సరిగ్గా ఇలాంటి వాటికే. ఒక్కో షరతునూ చిన్న క్లాస్ చెయ్యి. అందులో ఒకటే మెథడ్: లాట్ (ఒక విడత సరుకు) ఇస్తే అవునో కాదో చెప్పాలి. ‘కిలోకు 50 కౌంట్ లోపు’ ఒక క్లాస్ (ఆ 50ని కన్‌స్ట్రక్టర్‌కు ఇవ్వు, సీజన్‌కోసారి మారుతుంది), ‘టెస్ట్ పాసైంది’ ఇంకోటి. అండ్, ఆర్, నాట్‌తో కలిపితే ‘ఎగుమతికి పనికొచ్చే లాట్’ తయారు. మూడు స్క్రీన్లూ దాన్నే అడుగుతాయి.

డేటాబేస్ దగ్గర మాత్రం జాగ్రత్త. లాట్లన్నీ మెమరీలోకి లాగి వడపోస్తే సర్వర్ చతికిలపడుతుంది. వడపోత డేటాబేస్‌లోనే జరిగేలా, అదే రూల్ నుంచి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) షరతు కూడా వచ్చేలా రాయి. ఒక్కచోటే వాడే షరతుకు మామూలు ఇఫ్ చాలు.