తాతగారి రివాల్వరుకు కొత్త గొళ్ళెం వేయించవచ్చా?

ప్రశ్న: లాయరుగారూ, మాది నెల్లూరు జిల్లా, ఇప్పుడు చెన్నై కోడంబాకంలో ఉంటున్నాం. మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు పనిచేసి వచ్చారు. పోయిన నెల ఊళ్ళో ఇల్లు అమ్మేటప్పుడు ట్రంకు పెట్టెలో ఆయన రివాల్వరు, 1991 వరకు రెన్యువల్ ముద్రలున్న లైసెన్సు పుస్తకం దొరికాయి. కారులో చెన్నై తెచ్చుకున్నాను. గొట్టం ముందుకు వంగి తెరుచుకునే టాప్ బ్రేక్ రకం. పైన గొళ్ళెం వదులైంది, దాని స్ప్రింగు విరిగింది. నాన్న పోయేముందు "ఆ తుపాకి జాగ్రత్తరా" అన్నారు. ఏ కంపెనీదో తెలుసుకుని, విడిభాగాలు వేయించి, తాతగారి ఆబ్దికం నాటికి అద్దాల పెట్టెలో పెట్టాలని నా ఆశ. అంబత్తూరులో ఒక లేత్ మెషీను ఆయన గొళ్ళెం చేసిస్తానన్నాడు. విదేశం నుంచి ఒకాయన పార్సిల్ పంపుతానంటున్నాడు. ఇది పాత వస్తువు, పేలదు కూడా, లైసెన్సు అక్కర్లేదని స్నేహితులు అంటున్నారు. నిజమేనా? ఫొటోలు జతచేశాను.

జవాబు: మీ కేసు మొత్తం ఒక్క మాట మీద ఆధారపడి ఉంది. ఆ మాట "మరమ్మతు".

మీ స్నేహితులు చెప్పే మినహాయింపు ఆయుధాల చట్టం, 1959లో ఉన్న మాట నిజమే. సెక్షన్ 45లోని (సి) క్లాజు అది. కాలం చెల్లిన రకం, పురాతన విలువ ఉన్నది, పాడైపోయినది, ఇలాంటి ఆయుధాలకు ఈ చట్టం వర్తించదని అక్కడుంది. అందరూ అంతవరకే చదివి ఆపేస్తారు. వాక్యం చివర ఒక షరతు ఉంది: మరమ్మతు చేసినా, చేయకపోయినా, అది తుపాకీగా పనికిరానిదై ఉండాలి. పాతబడినంత మాత్రాన చాలదు. ఈరోజు పేలకపోయినంత మాత్రానా చాలదు. బాగుచేసినా పేలనిది అయితేనే మినహాయింపు. ఒక గొళ్ళెం, ఒక స్ప్రింగు వేస్తే చాలునని మీరే రాశారు. అంటే ఆ మినహాయింపును మీ చేత్తోనే కొట్టేసుకున్నారు. ప్రాసిక్యూషన్‌కు మీ ఉత్తరం తప్ప వేరే సాక్ష్యం అక్కర్లేదు.

విడిభాగాల సంగతీ అంతే. చట్టంలో "ఆయుధాలు" అన్న మాటలో వాటి భాగాలు కూడా కలిసే ఉన్నాయి. చిన్న భాగాలకు (డి) క్లాజులో మినహాయింపు ఇచ్చారు గాని, అది వాటితో జతపడే మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేనప్పుడే. మీరు గొళ్ళెం కొనేదే ఆ రివాల్వరుకు బిగించడానికి.

ఇక ఫొటోలు. మూడో ఫొటోలో గొట్టం పక్కన ".38 145/200" అనీ, చట్రం మీద "వార్ ఫినిష్" అనీ కనిపిస్తున్నాయి. యుద్ధకాలంలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తయారైన వెబ్లీ మార్క్ 4 రివాల్వరు మీద ఉండే గుర్తులివి. దాని తూటానే .380 అంటారు. నిర్ధారించాల్సింది తుపాకులు, తూటాలు పరీక్షించే బాలిస్టిక్ నిపుణుడు, నేను కాదు. కానీ అదే అయితే మీ కష్టం రెట్టింపవుతుంది. .380, .455 తూటాలు పట్టి పేల్చగల రివాల్వర్లను ఆయుధాల నియమావళి మొదటి షెడ్యూల్ మొదటి కేటగిరీలోనే ఉంచింది. వాడుకలో ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషిద్ధ రకం, అనేవి ఇవే. వీటికి లైసెన్సు ఇవ్వాల్సింది కేంద్ర హోం శాఖ. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరు కూడా ఇలాగే పైన తెరుచుకునేదే, దాన్ని పోలీస్ కమిషనర్ స్థాయిలోనే చూస్తారు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, చట్టం దృష్టిలో మాత్రం వేరు వేరు. ఏ రకమో తెలుసుకోవడం అవసరమే, అయితే అలంకారానికి కాదు, మీ మీద ఏ సెక్షన్ పడుతుందో తెలియడానికి.

ఐదో ఫొటో చూసి నా గుండె జారింది. రివాల్వరు పక్కన పొగాకు డబ్బా, అందులో పచ్చగా చిలుము పట్టిన ఆరు తూటాలు. మీ ఉత్తరంలో వాటి ఊసే లేదు. (సి) క్లాజు ఆయుధాల గురించి చెబుతుంది, పాత తూటాలకు అది అక్కరకు రాదు. చిలుము పట్టిన తూటా చచ్చిపోయిందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆరో ఫొటోలో అదే రివాల్వరు పదేళ్ళ పిల్లవాడి చేతిలో ఉంది. నాన్నగారు "జాగ్రత్త" అన్నది ఇందుకేనా? ఇంత అజాగ్రత్త ఏమిటండీ?

పెట్టె తెరిచేదాకా మీ మీద నేరం లేదు. తుపాకీ దగ్గరుందన్న ఎరుక ఉంటేనే అది "పొజెషన్" అవుతుందని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెరిచిన రోజు నుంచి ఆ రక్షణ పోయింది. పైగా రాష్ట్రం దాటించి తెచ్చారు. 2019 డిసెంబరు 14న అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత, లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ ఉంచుకున్నా కనీసం రెండేళ్ళు, గరిష్ఠం ఐదేళ్ళు జైలు. నిషిద్ధ ఆయుధంగా తేలితే ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళు. కొంతకాలం పోతే కేసు దానంతటదే కాలం చెల్లుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మూడేళ్ళ కాలపరిమితి వర్తించేది మూడేళ్ళలోపు శిక్ష ఉన్న నేరాలకే. అదీగాక తుపాకీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేరం కొనసాగుతూనే ఉంటుంది, గడియారం ప్రతిరోజూ కొత్తగా మొదలవుతుంది.

లేత్ మెషీను ఆయన దగ్గరకు మాత్రం వెళ్ళకండి. లైసెన్సు లేకుండా ఆయుధం గాని దాని భాగం గాని తయారుచేయడం, బాగుచేయడం సెక్షన్ 5 ఉల్లంఘన. శిక్ష కనీసం ఏడేళ్ళు, యావజ్జీవం వరకు. మీ ఆబ్దికం సరదా కోసం రోజుకూలీ మీద బతికే ఆ మనిషి ఇల్లు కూలిపోతుంది. విదేశీ పార్సిల్ సంగతీ అంతే. సెక్షన్ 10 కింద దిగుమతి లైసెన్సు లేకుండా స్ప్రింగైనా రాకూడదు, పెట్టె మీద "సైకిల్ సామాను" అని రాయిస్తే మోసం కూడా తోడవుతుంది. ఇదంతా చదివి భయపడి రాత్రికి రాత్రి కూవం నదిలో పారేద్దామనీ, ఫొటోలు తుడిచేద్దామనీ అనుకోకండి. అది సాక్ష్యం మాయం చేయడం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 238 కిందకు వస్తుంది. ఇప్పుడు మీకు మిగిలిన బలం మీ నిజాయితీ ఒక్కటే.

దారి లేకపోలేదు. లైసెన్సు గడువు తీరి, స్వాధీనం చట్టబద్ధం కాకుండా పోయిన ఆయుధాన్ని అనవసరమైన ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లో జమచేయాలని సెక్షన్ 21 చెబుతోంది. మీరే పట్టుకుని స్కూటరు మీద వెళ్ళకండి. లాయరును వెంటబెట్టుకుని ముందు ఉత్తరం ఇవ్వండి: ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఎదుట దొరికిందో, తూటాలు ఎన్నో, అన్నీ ఉన్నదున్నట్టు రాయండి. ఇంటికి వచ్చి పంచనామా చేసి తీసుకెళ్ళమని అడగండి. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకున్నారని సెక్షన్ 3 కింద కేసు నడపాలంటే సెక్షన్ 39 ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి కావాలి. చెన్నైలో ఆ అధికారం కమిషనరుది. సోదాకు ముందే మీరు వచ్చారా, సోదాలో దొరికిందా అన్నది అక్కడ చాలా తేడా తెస్తుంది.

లైసెన్సు పుస్తకం జిరాక్స్ తీసి, అసలు భద్రపరచండి. అందులోని నంబరు, రివాల్వరు మీది నంబరు ఒకటేనా చూడండి. నెల్లూరు కలెక్టరేట్‌లో ఆయుధాల రిజిస్టరు నకలు కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఒకప్పుడు చట్టబద్ధంగా ఉన్న ఆయుధమని రుజువు చేసేవి ఆ రెండు కాగితాలే.

జమచేశాక, చట్టబద్ధ వారసుడిగా లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు. తాతగారిది, నాన్నగారిది మరణ ధ్రువపత్రాలు, వారసత్వ పత్రం, మిగతా వారసుల నిరభ్యంతరం కావాలి. బాబాయిలు, మేనత్తల సంతకాలు మర్చిపోకండి. .380 అని తేలితే లైసెన్సు దొరకడం చాలా కష్టం. అప్పుడు అర్హులైనవారికి అమ్మే హక్కు ఉంటుంది. లేదా అధికారుల అనుమతితో, లైసెన్సు ఉన్న తుపాకుల మరమ్మతుదారు చేత ఇక ఎప్పటికీ పేలకుండా చేయించి తెచ్చుకునే వీలు ఉందేమో రాతపూర్వకంగా అడగండి. మీ అద్దాల పెట్టెకు సరిపోయేది అదే. లైసెన్సు వస్తేనే స్ప్రింగు, గొళ్ళెం మాట, అదీ అలాంటి మరమ్మతుదారు దగ్గరే.

గడువులు రాసి పెట్టుకోండి. జమచేసిన ఆయుధాన్ని నిర్ణీత కాలంలో తిరిగి తీసుకోకపోయినా, అమ్మకపోయినా ప్రభుత్వానికి జప్తు అవుతుంది. దానికి ముందు నోటీసు వస్తుంది, జవాబుకు 30 రోజులు. లైసెన్సు తిరస్కరిస్తే అప్పీలుకూ 30 రోజులే. కోడంబాకం చిరునామా మారితే స్టేషన్లో తెలియజేయండి, పాత ఇంటికి పోయిన నోటీసు మిమ్మల్ని కాపాడదు.

ఆబ్దికానికి ఫొటో పెట్టుకోండి, పిల్లవాడు లేనిది. స్టేషన్లో ఇచ్చే రసీదులో రివాల్వరు నంబరు, గొళ్ళెం విరిగిన సంగతి, తూటాలు ఆరు అన్న లెక్క, తేదీ, సమయం లేకపోతే సంతకం పెట్టకండి.