చెదలమందు వేసిన కంపెనీపై కేసు: ముందు నేలలో రంధ్రాలు ఉన్నాయో లేదో చూడండి

ప్రశ్న: మాది గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. 22 నెలల క్రితం ఒక పెస్ట్ కంట్రోల్ కంపెనీతో చెదలమందు వేయించాం. డ్రిల్లింగ్ చేసి మందు ఎక్కిస్తామని, అయిదేళ్ల వారంటీ అని వాట్సాప్‌లో కొటేషన్ పంపారు. ఇద్దరు కుర్రాళ్లు ఒక స్ప్రే డబ్బాతో వచ్చి గంటన్నరలో ముగించారు. పని బాగుందని వాళ్ల కాగితం మీద సంతకం చేశాం. డబ్బు ఆ కుర్రాడి సొంత యూపీఐకి వేశాం, బిల్లు ఇవ్వలేదు. ఎనిమిది నెలలకే చెదలు మళ్లీ వచ్చి, పోయిన మా నాన్నగారు ప్రాణంగా దాచుకున్న పుస్తకాలనూ రెండు అల్మరాలనూ తినేశాయి. ఎన్నిసార్లు ఫోన్ చేసినా మనిషిని పంపిస్తామనే అంటున్నారు. ఇప్పుడేమో ఫర్నిచర్ నష్టం వారంటీలోకి రాదంటున్నారు. చీటింగ్ కేసు పెట్టి భయపెట్టవచ్చా? వచ్చే వారం వేరే కంపెనీ వస్తోంది. దాన్ని ఎంచుకోవడంలో ఏం చూసుకోవాలి?

జవాబు: వినియోగదారుల కమిషన్‌లో మీ కేసు పుస్తకాల మీదా వారంటీ మీదా నిలబడదు. డ్రిల్లింగ్ చేస్తామని రాసి ఇచ్చి చేయకపోవడం మీదే నిలబడుతుంది. చెదలు మళ్లీ వచ్చాయన్న ఒక్క మాటతో కంపెనీ తప్పు రుజువు కాదు. గోడలో చెమ్మ ఉందనో, ప్లంబింగ్ పనికి నేల తవ్వారనో వాళ్లు సులువుగా తప్పించుకుంటారు. చేస్తామన్న పనే చేయలేదని చూపిస్తే మాత్రం ఆ సాకులు చెల్లవు. ఫర్నిచర్‌కు బాధ్యత లేదన్న షరతు కూడా బలహీనపడుతుంది. ఆ షరతు వర్తించేది చెప్పిన పని జరిగినప్పుడే.

ఆ రుజువు ఇప్పటికీ మీ ఇంటి నేలలోనే ఉంది. కట్టిన ఇళ్లకు చెదల నివారణపై భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం ఉంది. దాని ప్రకారం గోడా నేలా కలిసే చోట 12 మి.మీ. రంధ్రాలు 30 సెం.మీ.కు ఒకటి చొప్పున వేయాలి. రంధ్రం ఇక తాగనంత వరకు, గరిష్ఠంగా లీటరు మందు నీళ్లు ఎక్కించి మూసేయాలి. 3 మీటర్లు, 4 మీటర్ల గదిలో గోడల చుట్టుకొలత 14 మీటర్లు. తలుపుల జాగా తీసేసినా 40కి పైగా రంధ్రాలు, పదుల లీటర్ల మందు నీళ్లు కావాలి. ఒక్క స్ప్రే డబ్బాతో గంటన్నరలో ఇల్లంతా అలా చేయడం సాధ్యం కాదు. రంధ్రం మూసినా సిమెంటు మచ్చ కనిపిస్తుంది. మీ ఇంట్లో ఆ మచ్చలు లేకపోతే సేవాలోపానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

అందుకే వచ్చే వారం పని వెంటనే వాయిదా వేయండి. కొత్త కంపెనీ డ్రిల్లు పెట్టిందంటే పాతవాళ్లు వేయలేదని చూపించే దారి మూసుకుపోతుంది. ముందుగా ప్రతి గది అంచు వెంబడి కొలత టేపు పరిచి, తేదీ కనిపించేలా వీడియో, ఫొటోలు తీయండి. ఆ పనితో సంబంధం లేని సివిల్ ఇంజనీరు చేత తనిఖీ చేయించి, సంతకంతో నివేదిక తీసుకోండి. చెదల మట్టి దారులు ఎక్కడెక్కడ ఉన్నాయో, దగ్గరలో నీటి లీకు ఉందో లేదో కూడా అందులో రాయించండి. లీకు ఉంటే దాచకండి, ఎదుటివాళ్ల లాయరు ఎలాగూ బయటపెడతారు. పాడైన పుస్తకాలు, చెక్క పారేయకండి.

మీ అజాగ్రత్త గురించీ చెప్పాలి. చదవకుండా సంతకం పెట్టారు, కంపెనీ ఖాతాకు కాకుండా పనివాడి ఖాతాకు డబ్బు వేశారు, 14 నెలలుగా ఒక్క ఫిర్యాదూ రాతలో పెట్టలేదు. డబ్బు తమకు రాలేదని కంపెనీ అంటుంది. కొటేషన్ కంపెనీ నంబరు నుంచి రావడం, అందులోని మొత్తమూ యూపీఐ మొత్తమూ ఒకటే కావడం చూపి ఆ వాదన కొట్టాలి. ఆ కుర్రాణ్ని కూడా ప్రతివాదిగా చేర్చండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది, కాబట్టి ఆ లోపం వాళ్లకూ తగులుతుంది. వాట్సాప్ సందేశాలు ఉన్న ఫోను మార్చకండి, రీసెట్ చేయకండి. ప్రింట్లతో పాటు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అవసరమైన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ధ్రువపత్రం జత చేయండి.

ఫిర్యాదు వేయడానికి కాలపరిమితి రెండేళ్లు, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69. చెదలు కనిపించిన రోజు నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు. ఎదుటివాళ్లు మాత్రం మందు వేసిన రోజు నుంచే లెక్కిస్తారు. ఆ లెక్కన మీకు రెండు నెలలే ఉంది. ఫోనులో చెప్పిన హామీలు గడువును ఆపవు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది కానీ సరైన కారణం చూపాలి. పంపిస్తామన్నారు కాబట్టి ఆగామంటే సరిపోతుందని లెక్క వేసుకోకండి.

చీటింగ్ కేసు ఆలోచన మానుకోండి. డబ్బు తీసుకునే నాటికే మోసపు ఉద్దేశం ఉందని చూపాలి. మీ కాగితాలతో అది చూపడం కష్టం, పోలీసులు సివిల్ వివాదమంటారు. స్టేషన్ చుట్టూ తిరిగే ఆ వారాల్లో మీ రెండేళ్లు నిండిపోతాయి. ఇంకో ఉచ్చు ఉచిత రీ-సర్వీసు. నోటీసు అందగానే పరుగున వచ్చి మందు కొట్టి, పూర్తి సంతృప్తి అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. పెట్టకండి.

స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. జవాబు రాకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు తీసుకునే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా, ఫిర్యాదు వేయండి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. చెల్లించిన సొమ్ము, అల్మరాల విలువ, మనోవేదనకు పరిహారం, ఖర్చులు విడివిడిగా అడగండి. పుస్తకాలకు పేర్లు, సంఖ్య, ధరలతో జాబితా ఇవ్వండి. జ్ఞాపకానికి ధర కట్టలేరు, కమిషన్ చూసేది కాగితమే.

కొత్త కంపెనీ విషయం. వాణిజ్యపరంగా పురుగుమందులతో పెస్ట్ కంట్రోల్ చేయడానికి 1968 క్రిమిసంహారకాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. లైసెన్సు మీది పేరూ చిరునామా కొటేషన్ మీదివి ఒకటేనా, గడువు ఉందా చూడండి. ఇల్లు చూడకుండా ఫోనులోనే ధర చెప్పేవాళ్లను వదిలేయండి. కొటేషన్‌లో మందు పేరు, కలిపే మోతాదు, గదుల వారీగా రంధ్రాల సంఖ్య, మొత్తం లీటర్లు ఉండాలి. ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ అనే చెదలమందు అయితే లీటరు నీటికి 2.1 మి.లీ. కలపాలి. మందు డబ్బా సీలు మీ ముందే తీయాలి. లేబుల్ మీది రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్, గడువు తేదీ ఫొటో తీసుకోండి. బావి, నీటి సంపు పక్కన రంధ్రం వేయనివ్వకండి. గదిలో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెడతామన్న వాళ్లను గడప దాటనివ్వకండి, వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు మనుషుల ప్రాణం తీస్తుంది.

వారంటీలో ఏడాదికి ఎన్ని తనిఖీలు, మళ్లీ చెదలొస్తే ఎన్ని రోజుల్లో వస్తారు, స్ప్రే కొడతారా మళ్లీ డ్రిల్ చేస్తారా రాయించుకోండి. డబ్బు కంపెనీ ఖాతాకే, బిల్లు చేతికొచ్చాకే ఇవ్వండి. పని పూర్తయిందని రాసే జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు రంధ్రాలు లెక్కపెట్టి, ఆ సంఖ్య మీ చేత్తోనే రాయండి.