పచ్చకామెర్లలోని ‘పచ్చ’

సందేహం: మాది చెన్నై, పెరంబూరు. ఒక వైద్య శిబిరం కోసం తమిళ కరపత్రాన్ని తెలుగు చేస్తూ, ‘మంజళ్ కామాలై’ అన్న మాటకు ‘పచ్చకామెర్లు’ అని రాశాను. కళ్ళు పసుపెక్కే జబ్బును ఆకుపచ్చ చేశారేమిటని తమిళ మిత్రులు నవ్వారు. ‘పసుపు కామెర్లు’ అని దిద్దమంటారా? అసలు ‘కామెర్లు’ అంటే ఏమిటి?
– ఒక పాఠకురాలు

సమాధానం: దిద్దవద్దు. మీ మిత్రులు నవ్వింది తమిళంలోని ‘పచ్చై’ని మనసులో పెట్టుకొని, మీరు రాసింది తెలుగు ‘పచ్చ’. రెండూ ఒక్క ధాతువు నుంచి పుట్టినవే అయినా వాటి పరిధులు వేరు. తమిళంలో ‘పచ్చై’ అంటే ప్రధానంగా ఆకు రంగు, లేదా పచ్చిదనం. తెలుగు ‘పచ్చ’ ఆకు రంగుకూ పసుపు రంగుకూ కూడా చెల్లుతుంది. పచ్చని పందిరి అన్నప్పుడు ఆకులు, పచ్చని మేనిఛాయ అన్నప్పుడు బంగారు వన్నె మనకు స్ఫురిస్తాయి. తేడా చెప్పవలసి వచ్చినప్పుడే ఆకుపచ్చ, పసుపుపచ్చ అని విడదీస్తాము. పొంగలి రోజుల్లో మైలాపూరు అంగళ్ళలో కుండకు కట్టడానికి ఆకుతో సహా అమ్మే పసుపు మొక్కను ఒకసారి చేతిలోకి తీసుకొని చూడండి: పైన ఆకుపచ్చ, కింద కొమ్ము విరిస్తే పసుపుపచ్చ. తెలుగువాడికి రెండు కొసలూ పచ్చే.

పసుపు, పసిడి, పసిమి, పసరు, పచ్చి, పసి అన్న మాటలన్నీ ఈ కుటుంబంలోనివే. కన్నడంలో పదాది ‘ప’ ‘హ’గా మారినందువల్ల హసిరు (ఆకుపచ్చ), హసి (పచ్చి) అయ్యాయి. ఇంతకూ తమిళం కూడా ఈ పసుపు ఛాయను పూర్తిగా వదులుకోలేదు. మేలిమి బంగారాన్ని వారు ‘పసుంపొన్’ అంటారు. నవ్విన మిత్రులను ఆ బంగారం ఏ రంగులో ఉంటుందో అడిగి చూడండి. పచ్చకర్పూరం మాట మాత్రం ఎత్తకండి, అది తెల్లగా ఉంటుంది. అక్కడి ‘పచ్చ’ రంగును కాక పచ్చిదనాన్ని చెబుతుంది.

ఇక ‘కామెర్లు’. దీనికి మూలం సంస్కృత ‘కామలా’. తమిళ ‘కామాలై’, కన్నడ ‘కామాలె’ కూడా అక్కడివే. తెలుగులో లకారం రేఫగా (‘ర’గా) మారి ‘కామెర’ అయింది, బహువచనంలో ‘కామెరలు’, వాడుకలో ‘కామెర్లు’. వాంతులు, విరేచనాలు, గవదబిళ్ళలు లాగే ఇదీ బహువచనంలో స్థిరపడింది కనుక ‘కామెర్లు వచ్చాయి’ అనడమే జాతీయం.

ఆయుర్వేద గ్రంథమైన చరకసంహిత, ఒళ్ళు పాలిపోయే పాండురోగ ప్రకరణంలోనే కామలను వర్ణిస్తూ రోగిని ‘హారిద్రనేత్రః’ అంటుంది, అంటే పసుపు వంటి కన్నులు గలవాడని. ఆ వెంటనే ‘భేకవర్ణః’, కప్ప రంగువాడు, అని కూడా అంటుంది. పసుపు నుంచి కప్ప దాకా సాగిన ఈ వర్ణన మన ‘పచ్చ’లో చక్కగా ఇమిడిపోతుంది. ఆధునిక వైద్యం చెప్పేదీ ఇందుకు దూరం కాదు: రక్తంలో బిలిరూబిన్ అనే పసుపు వన్నె పదార్థం పెరిగితే కంటి తెల్లగుడ్డు, చర్మం పసుపెక్కుతాయి, పిత్తనాళం మూసుకుపోయి జబ్బు చాలాకాలం సాగితే, ఆ బిలిరూబిన్ ఆకుపచ్చని బిలివర్డిన్‌గా మారడం వల్ల చర్మానికి కాస్త ఆకుపచ్చ ఛాయ కూడా రావచ్చు. ‘బిలివర్డిన్’ పేరులోని ‘వర్డ్’ ఆకుపచ్చను చెప్పే లాటిన్ మాట నుంచి వచ్చిందే. అయితే మన పూర్వులు ఈ రసాయనం ఎరిగి ‘పచ్చ’ అన్నారని వాదించేంత ఉత్సాహం నాకు లేదు. వారు కన్ను చూసి ఆ మాట అన్నారు.

కరపత్రంలో ‘పచ్చకామెర్లు’ అనే ఉంచి, లక్షణాలు చెప్పే చోట ‘కళ్ళు, గోళ్ళు పసుపుపచ్చగా మారతాయి’ అని రాయండి. ‘పసుపు కామెర్లు’ అంటే శిబిరానికి వచ్చే తెలుగు పెద్దలు అదేదో కొత్త జబ్బనుకుంటారు.