తడి చెత్త గేటు దాటనివ్వకు

చిరంజీవి చిన్నాకి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ అపార్ట్‌మెంట్‌కి నిన్ను సెక్రటరీని చేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషపడాలో, అయ్యో పాపం అనాలో తెలియలేదు. మొదటి మీటింగ్‌లోనే చెత్త దగ్గర గొడవైందట కదా. నలభై ఎనిమిది ఫ్లాట్లకీ రంగు రంగుల డబ్బాలు కొనేద్దామని నువ్వు కొటేషన్లు తెప్పిస్తున్నావట. వాటిని పక్కన పెట్టి ముందు ఇది చదువు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటూ లాప్‌టాప్‌లో పని చేసుకుంటావు. అందుకే రాస్తున్నాను.

డబ్బాలతో మొదలుపెట్టే తప్పు మేం ఎప్పుడో చేసేశాం. 2021 అక్టోబరు 2న రాష్ట్రంలో క్లాప్, అంటే క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలయ్యాక ఇంటింటికీ మూడేసి డబ్బాలు ఇచ్చారు, గుర్తుందా? ఆకుపచ్చది తడి చెత్తకి, నీలం పొడి చెత్తకి, ఎరుపు ప్రమాదకరమైన వాటికి. మా మూడో అంతస్తులో ఒకావిడ నీలం డబ్బాలో కందిపప్పు పోసుకుంది. ఎర్రదాంట్లో వాళ్ళ మనవడి క్రికెట్ బంతులు. చెత్త పన్నుని ఊరంతా తిట్టింది, నేనూ తిట్టాను, 2024 చివరికి అది రద్దయింది కూడా. డబ్బాలు మాత్రం ఇప్పటికీ అందరి ఇళ్ళల్లోనూ ఉన్నాయి. మీ వాళ్ళనీ అటకల మీద వెతకమను, సగం దొరుకుతాయి. అసోసియేషన్ డబ్బు మిగులుతుంది.

మా కమిటీ అప్పట్లో మీటింగ్ పెట్టింది, ఇడ్లీ వడ పెట్టింది, లిఫ్ట్‌లో నోటీసు అంటించింది. పది రోజుల్లో అంతా మళ్ళీ ఒక్కటే ముద్ద. ఎందుకో తెలుసుకుందామని ఒక వారం పొద్దున్నే కింద కుర్చీ వేసుకు కూర్చున్నాను. చెత్త పట్టుకు దిగేవాళ్ళలో ఇళ్ళవాళ్ళు నలుగురైదుగురే, మిగతా అంతా పనమ్మాయిలు. మీటింగ్‌కి వాళ్ళని ఎవరూ పిలవలేదు. నోటీసేమో ఇంగ్లీషులో ఉంది! అప్పుడు వాళ్ళందరికీ టీ ఇచ్చి, మెట్ల మీద కూర్చోబెట్టి, రెండు బకెట్లు ముందు పెట్టి చూపించాను. పావుగంట పట్టింది. వాళ్ళకి ఒకసారి చెబితే చాలు. మళ్ళీ మళ్ళీ చెప్పాల్సింది మనవాళ్ళకే.

కాబట్టి ముందు పనమ్మాయిలతో మాట్లాడు. కోడల్ని కూడా కూర్చోబెట్టుకో, నీకంటే ఆ అమ్మాయికి వాళ్ళు చనువుగా చెబుతారు. తరవాత మీ చెత్త ఎత్తే మనిషితో. మీ గ్రూపులో మెసేజ్ ఆఖర్న పెట్టుకోవచ్చు.

ఇక అసలు సంగతి. మీ మీటింగ్‌లో ఎవరో ఒకరు "మనం వేరు చేసి ఏం లాభం, బండిలో అంతా కలిపేస్తారుగా" అని ఉంటారు. ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఈ మాట అనే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. ఆయనతో వాదించకు. కొన్నిచోట్ల ఆయన చెప్పేది నిజం కూడా. కానీ తడి చెత్త అసలు గేటే దాటకపోతే బండిలో కలపడానికి ఏముంటుంది? అన్నం, కూర, తొక్కలు అంటని అట్టపెట్టె అట్టపెట్టెగానే పోతుంది. బండివాళ్ళు ఏం చేసినా అది పాడవదు. ఇంట్లో చెత్త బరువులో సగానికి పైగా తడిదే. కంపు, ఈగలు, కుక్కలు కవర్లు చింపడం, అన్నీ దానివల్లే. పొడి చెత్తకి వాసనే ఉండదు, వారం ఆగినా అడిగేవాళ్ళుండరు.

విశాఖలో మీ మధురవాడ వాళ్ళకి ఇది నేను చెప్పాలా? కాపులుప్పాడ డంపింగ్ యార్డు మీ పక్కనే. అక్కడ చెత్తతో కరెంటు చేసే ప్లాంటు ఉంది, పదిహేను మెగావాట్లది. దాంట్లోకి నీళ్ళోడే సాంబారు అన్నం, దోసకాయ తొక్కలు పంపితే వాటి తడి ఆరడానికే వేడి ఖర్చైపోతుంది. తడి కట్టెలతో పొయ్యి వెలిగించినట్టే. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, వానాకాలం ఆ పొయ్యి ఊదీ ఊదీ కళ్ళు ఎర్రగా చేసుకునేది.

తడి చెత్త గేటు దాటకూడదంటే దాన్ని లోపలే కంపోస్టు ఎరువు చేసుకోవాలి. అది నేను పుస్తకం చూసి నేర్చుకోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు హాస్టల్‌లో ఉన్నావు. ఊళ్ళో చెట్టన్నది నిలబడలేదు. రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రిజ్‌లలో ఉన్నదంతా కుళ్ళింది, చెత్త తీసుకెళ్ళడానికి రోడ్డు మీద దారే లేదు. కాంపౌండ్‌లో మోకాలెత్తున ఆకులు. ఏం చేయాలో తోచక వెనక గోడ పక్కన గుంట తవ్వించి, ఒక వరస ఆకులు, ఒక వరస కుళ్ళిన కూరలు వేయించాను. సంక్రాంతి తరవాత పార పెడితే నల్లటి మట్టి! వాసన చూస్తే తొలకరి వానకి తడిసిన నేలలా ఉంది.

ఇప్పుడు డ్రమ్ముల్లో చేస్తున్నాం. రెండు వందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు, చుట్టూ వేలెడంత కన్నాలు, అడుగున కూడా నాలుగు, కింద ఇటుకలు. అడుగున కొబ్బరి పీచు వేసి, ఆ పైన తడి చెత్త ఒక బకెట్ వేస్తే ఎండాకులు ఒకటిన్నర, రెండు బకెట్లు వేయాలి. మొదట్లో కొంచెం పుల్లమజ్జిగ చల్లితే త్వరగా అందుకుంటుంది. నాలుగైదు రోజులకి మధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా తగలాలి. వారానికి రెండుసార్లు కర్రతో తిరగెయ్యాలి. నెలన్నర, రెండు నెలల్లో తయారు.

కంపు వచ్చిందంటే తడి ఎక్కువైందనీ, గాలి ఆడట్లేదనీ అర్థం, ఇంకేం లేదు. గుప్పెడు తీసి పిండి చూడు. నీళ్ళు కారితే ఆకులు తక్కువ వేశారన్నమాట. ముద్ద కట్టి, చెయ్యి మాత్రం చెమ్మగా ఉంటే సరిగ్గా ఉంది. తెల్ల పురుగులు కనిపిస్తే కంగారు పడకు, వాటి పని అవి చేస్తున్నాయి, పైన ఎండాకులు మందంగా కప్పు. మాకు రెండో నెలలో ఇలాగే కంపు లేచింది. కింది ఫ్లాట్ రిటైర్డ్ మాస్టారు డ్రమ్ములు తీయకపోతే మెయింటెనెన్స్ కట్టనన్నారు. చూస్తే ఎవరో పెళ్ళి భోజనాల మిగులు, పులిహోర, పెరుగన్నం, మొత్తం ఒకే డ్రమ్ములో కుమ్మరించారు. రెండు బస్తాల ఆకులు కలిపి తిరగేస్తే మూడో రోజుకి సర్దుకుంది. ఆ మాస్టారే ఇప్పుడు బంతి మొక్కలకి ఎరువు కావాలని ముందే బకెట్ పెట్టి వెళ్తారు.

ఎండాకులు చలికాలం చివర, శివరాత్రి ముందూ వెనకా రాలేటప్పుడే బస్తాల్లో దాచుకో. వానాకాలంలో ఎండాకు బంగారం.

డ్రమ్ములో వేయకూడనివి కొన్ని ఉన్నాయి. కొబ్బరి బోండాలు, తాటికాయల డొక్కులు, మామిడి టెంకలు ఏళ్ళు గడిచినా అలాగే ఉంటాయి. పనసతొక్క ముక్కలు చేస్తే ఫరవాలేదు. మరి ఆదివారం సంగతి? చేపలు బజార్లోనే బాగుచేయించుకు రమ్మను, పొలుసూ పేగులూ ఇంటిదాకా తేవద్దు. రొయ్యలు ఇంట్లోనే ఒలుస్తాం కాబట్టి ఆ పొట్టు డబ్బాలో పెట్టి మూత బిగించి, బండి వచ్చేదాకా డీప్ ఫ్రీజర్‌లో ఉంచమను. మొదట్లో అందరూ ముఖం చిట్లించారు. పిల్లులు మెట్ల మీద విందు చేసుకున్నాక అందరూ ఒప్పుకున్నారు.

పొడి చెత్తకి పెద్ద తతంగం అక్కర్లేదు. పాల ప్యాకెట్టు మూల పూర్తిగా తెంపకుండా గాటు పెట్టి, కడిగి ఆరేయాలి. తెగిన చిన్న ముక్కని ఎవరూ ఏరలేరు. అట్టలు, సీసాలు, డబ్బాలు గుజిరీ కొట్టుకి వేస్తే వచ్చే డబ్బు మీ చెత్త ఎత్తే మనిషికే అని ముందే అందరితో ఒప్పించు. ఇది చిన్న మాట కాదు. ఆ డబ్బు తన చేతికి వస్తుందంటే ఏ ఫ్లాట్‌లో కలిపేస్తున్నారో నీకు తనే వచ్చి చెబుతుంది. చిప్స్ కవర్లు, షాంపూ సాచెట్లు గుజిరీవాడు కొనడు, అవి బండికే. నూనె అంటిన పిజ్జా పెట్టెకి మూత చింపి అట్టల్లో, అడుగు చించి డ్రమ్ములో.

మూడో డబ్బా గురించి మగవాళ్ళు మీటింగ్‌లో మాట్లాడరు, అందుకే నేను రాస్తున్నాను. శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు పాత పేపర్‌లో చుట్టి, పైన ఎర్ర స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టి విడిగా ఇవ్వాలి. 2016 నిబంధనల్లోనే ఇలా చుట్టి ఇవ్వమని ఉంది. 2026 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త నిబంధనలైతే తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త కావలసినవి అని చెత్తని నాలుగు రకాలు చేశాయి. మందులు, బల్బులు నాలుగో రకం. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది, పగలగొట్టొద్దు. పాత ఫోన్లు, బ్యాటరీలు బండిలో నలిగితే నిప్పంటుకుంటాయి. వాటికి వాచ్‌మన్ గదిలో ఒక పెట్టె పెట్టి, నిండాక ఈ-వేస్ట్ తీసుకునే లైసెన్సున్న వాళ్ళని పిలువు.

పగిలిన గాజు విషయం ఒక్కటి మాత్రం కచ్చితంగా పట్టించుకో. మా చెత్త ఎత్తే అప్పలకొండ ఒకరోజు అరిటాకుల మధ్య చెయ్యి పెట్టింది. లోపల పగిలిన ఊరగాయ సీసా ఉంది. అరచేతికి ఐదు కుట్లు పడ్డాయి, పదిహేను రోజులు పనికి రాలేదు. ఆ సీసా ఎవరిదో ఈరోజుకీ తేలలేదు. ఆ పదిహేను రోజులూ వంతులు వేసుకుని మేమే చెత్త ఎత్తాం. నా వంతు వచ్చిన రోజు బకెట్‌లో ఏమేం వచ్చాయో భోజనం టైములో చదువుతావేమో, రాయను. ఆ వంతుల తరవాతే మా అపార్ట్‌మెంట్ నిజంగా మారింది. గాజుని మందపాటి అట్టలో చుట్టి, టేపు వేసి, పైన "గాజు" అని తెలుగులో రాసి, చేతికే ఇవ్వాలి. అప్పలకొండకి రబ్బరు గ్లవ్స్ జతలు కొనిపెట్టాం, అవి చెమట పోస్తున్నాయని సగం రోజులు వేసుకోదు. మీరు గుడ్డ లోపలుండేవి కొనండి.

క్యారీ బ్యాగులకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. 120 మైక్రాన్ల కంటే పల్చనివి 2022 డిసెంబరు 31 నుంచి నిషేధమే, అయినా రైతుబజార్లో ఎవరో ఒకరు కింద నుంచి తీసి ఇస్తూనే ఉంటారు. గుడ్డసంచి నీ బండి డిక్కీలో పడేసి ఉంచు, ఇంట్లో పెడితే మర్చిపోతావు.

నలభై ఎనిమిది ఫ్లాట్లతో ఒకేసారి మొదలుపెట్టకు. ఒప్పుకున్న రెండు అంతస్తులు, మూడు డ్రమ్ములు, రెండు నెలలు, చాలు. మొదటి ఎరువు వచ్చినప్పుడు చిన్న కవర్లలో కట్టి, ఒప్పుకోని వాళ్ళ గుమ్మాల్లో కూడా పెట్టించు. డ్రమ్ములు నీడలో ఉండాలి, ఎవరి పడకగది కిటికీ కిందా ఉండకూడదు. ఆ చోటు మాత్రం నువ్వు తేల్చకు. వచ్చే ఆదివారం నేను వచ్చి చూస్తాను. పుల్లమజ్జిగ నేనే తెస్తాను, మీ ఇంట్లో పెరుగు ఒక్కరోజు కూడా నిలవుండదని కోడలు చెప్పింది.

ఇట్లు,
మీ పెద్దమ్మ